నోరు తెరిస్తే అవుట్

మా హర్షిణి ఎనిమిదో పుట్టినరోజుకు వీధి పిల్లల్ని పదిహేనుమందిని పిలుద్దామన్నది మా ఆయన ఓబులేష్. వద్దన్నది నేను.

"ఏమైతాదే? పిల్లోల్లు వస్తారు, ఆడుకుంటారు, పోతారు" అన్నాడు.

ఏమైనా కావచ్చు. పగిలిన బెలూన్ ముక్క ఎవరి గొంతులోనైనా ఇరుక్కోవచ్చు. మిద్దె మీద ఆటలంటే పిట్టగోడ ఎక్కేవాళ్లుంటారు. అందుకే గోడ వెంబడి కుర్చీలన్నీ అడ్డంగా పెట్టాను. పై పోర్షన్‌లో ఉండే ఆరాధన వచ్చి చూసి, "అక్కా, ఈ కుర్చీలెక్కే గోడ దాటేది వాళ్లు" అంది. మళ్లీ అన్నీ తీశాను.

అసలు భయం అది కాదు. హర్షిణికి మాట తడబడుతుంది. ఇంట్లో బాగానే వాగుతుంది. కొత్తవాళ్లు పేరడిగితే మాత్రం "హ... హ..." దగ్గర ఆగిపోతుంది. పెదవులు వణుకుతాయి, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఆ నీళ్లు రాకముందే నేను అందుకుంటాను: "హర్షిణి అండీ, మూడో తరగతి." బడిలోనైనా, అంగట్లోనైనా, డాక్టరు దగ్గరైనా అంతే. మేము నందికొట్కూరు నుంచి కల్లూరుకు వచ్చి మూడు నెలలయింది. ఈ వీధిలో ఎవరికీ అది తన నోటితో పేరు చెప్పలేదు. పక్కింటి భూపేష్ ఒకసారి, "కిక్కు కొట్టు మే, బండి స్టార్ట్ అయితాదేమో!" అని అరిచాడు. ఆ రోజు అన్నం తినలేదు. అది తినలేదో, నేను తినలేదో ఇప్పుడు సరిగా గుర్తులేదు.

ఆటలు ఆడించే పని ఆరాధన తీసుకుంది. బడిలో టీచరు కదా, ఆమెకు అలవాటే.

"మొదట పేర్ల ఆట అక్కా. ఒక్కొక్కరు పేరు చెప్పి, ఇష్టమైన తిండేందో చెప్పాల. కొత్తంతా పోతాది."

"వద్దమ్మా, నీకు దండం పెడతా. వాళ్లు నవ్వితే నా బిడ్డ రేపు బడికి కూడా పోదు."

ఆరాధన నా ముఖం కేసి చూసి, "సరే, అయితే నోరు మూసుకునే ఆట" అంది.

పిల్లలంతా పుట్టిన నెలల ప్రకారం, జనవరి నుంచి డిసెంబరు దాకా, వరుసలో నిలబడాలి. ఒక్క మాట కూడా మాట్లాడకూడదు. అన్నీ సైగలే. నోరు తెరిచినవాళ్లు అవుట్. ఆట అయ్యేదాకా మూలనున్న చాప మీద, పెదవులపై వేలు పెట్టుకుని కూర్చోవాలి.

"పెద్దోల్లకి కూడా ఇదే" అంది ఆరాధన, ఎందుకో నా వైపు చూసి.

ఆట మొదలైన నిమిషానికే భూపేష్ వెనక్కి నడుస్తూ గోడ దగ్గరికి పోయాడు.

"నాయనా, పడతావు!" అని అరిచాను.

పదహారు వేళ్లు నా వైపు తిరిగాయి. అందులో ఒకటి నా కూతురిదే. పోయి చాప మీద కూర్చున్నాను. మా ఆయన రస్నా గ్లాసులు పట్టుకుని భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు, శబ్దం రాకుండా.

అప్పుడు చూశాను. మిద్దె మీద అంతమంది పిల్లలు, ఒక్క మాట లేదు. కింద రోడ్డు మీద షేర్ ఆటోల చప్పుడు తప్ప ఏమీ వినిపించడం లేదు. ఒక పాప చేతిని తొండంలా ఊపుతోంది, వినాయక చవితి నెల అని. ఇంకొకడు చెవులు మూసుకుని ఉత్తుత్తి టపాకాయలు పేలుస్తున్నాడు. పుట్టినరోజు ఈరోజే కాబట్టి హర్షిణి చోటు అందరికీ తెలుసు. అది ఎనిమిది వేళ్లు చూపిస్తూ మధ్యలో నిలబడింది. ఒక్కొక్కరే దాని దగ్గరికి వచ్చి సైగ చేస్తుంటే, చేయి పట్టుకుని వాళ్ల చోటికి తీసుకుపోతోంది. అందరికంటే చిన్నవాడు వసంత్. వాడు పది వేళ్లూ చాచి, ఇంకా కావాలన్నట్టు దిక్కులు చూశాడు. హర్షిణి వాడి పక్కన తన రెండు వేళ్లు పెట్టింది. వాడి తల ఎంత గట్టిగా ఊగిందో! డిసెంబరు చివరకు చేరాడు. భూపేష్ దాని ఎనిమిది వేళ్ల వైపు చూపి, జెండాకు కొట్టినట్టు సెల్యూట్ కొట్టాడు. అది వాడి మణికట్టు పట్టుకుని తన పక్కనే నిలబెట్టుకుంది. వాడు కిక్కురుమనలేదు.

మూడు నెలలుగా అది మాట్లాడటం లేదనే ఏడ్చాను. ఇంతగా అందరినీ చూస్తోందని నాకు తెలియదు.

"బాగుంది. సరిగ్గా నిలబడినారో లేదో చూద్దాం" అంది ఆరాధన. "వరుసగా పేరు, తేదీ చెప్పండి. మిగతావాళ్ల నోర్లు మాత్రం తెరుచుకోకూడదు."

ఆమె మరిచిపోయిందో, కావాలనే అందో, నేను ఇప్పటికీ అడగలేదు. ఒక్కో పేరూ దగ్గరికి వస్తోంది. ఆరుగురు. ఏడుగురు.

"హ..." అంది హర్షిణి. ఆగిపోయింది.

మోకాళ్ల మీద లేచాను. దాని పేరు నా నాలుక చివర ఉంది. కానీ నేను అవుట్. వేలు గట్టిగా అదిమితే గోరు పెదవిలో దిగింది.

"హ... హ..."

ఎవరూ నవ్వలేదు. భూపేష్ తన కాళ్ల వైపు చూసుకుంటూ నిలబడ్డాడు, వంతు వచ్చినప్పుడు చెబుదామన్నట్టు. కింద ఆటో ఒకటి ఆగింది, ఎవరో దిగారు, అది మళ్లీ కదిలిపోయింది. నేను దాని కళ్లలో నీళ్ల కోసం చూస్తున్నాను. రాలేదు.

"హ... హర్షిణి. ఆగస్టు ప... పది."

"భూపేష్. ఆగస్టు పదైదు" అన్నాడు వాడు వెంటనే. పేర్లు ముందుకు సాగిపోయాయి, డిసెంబరు దాకా, అక్కడ ఏమీ జరగనట్టే. ఆ పేరు పెట్టింది నేనే. దాని నోట అది పూర్తయ్యేదాకా ఇన్నేళ్లలో నేను ఒక్కసారీ ఆగలేదు.

కేకు అయ్యాక, మనవణ్ని తీసుకుపోవడానికి భూపేష్ అవ్వ గురమ్మ మెట్లెక్కి వచ్చింది.

"పాపా, శానా బాగుండాది గౌను. నీ పేరేంది?"

నా నోరు దానంతటదే తెరుచుకుంది. హర్షిణి నా వైపు తిరగను కూడా లేదు. వెనక్కి చేయి చాచి, వేలితో చాప చూపించింది.

"హ..." అని మొదలుపెట్టింది. గురమ్మ మనవడి చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడింది.

నేను పోయి చాప మీద కూర్చున్నాను.