హద్దు రాయికి ఇవతల

బండి కడగడం ఎప్పుడూ నా పనే. పేడైనా, బురదైనా, సంతకు తోలిన పందులు వదిలిన కంపైనా. ఆ మంగళవారం పొద్దున మాత్రం నేను కడిగింది నెత్తురు. చెక్కల సందుల్లోకి ఇంకి నల్లగా గట్టిపడిపోయింది. బూడిద వేసి రుద్దాను, ఇసుక వేసి రుద్దాను, చివరికి గోళ్ళతో గీకాను. మా ఆయన జాబెజ్ గుమ్మంలో నిలబడి రొట్టె నములుతూ, "ఇంకా అవలేదా? మధ్యాహ్నం అందులో గోధుమ బస్తాలు వెయ్యాలి," అన్నాడు. ఆ నెత్తురు ఎవరిదో, ఎలా వచ్చిందో నాకంటే ఆయనకే బాగా తెలుసు. అయినా గొంతులో ఎక్కడా జీర లేదు. అది చూసి నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆ ఏడాది మా హోల్కోట్ ఊళ్ళో బీదల పెద్ద పని, అంటే ఊరి సొమ్ముతో బీదలకి తిండీ నీడా చూసే బాధ్యత, జాబెజ్ వంతుకొచ్చింది. ఏడాదికొక రైతు మొయ్యాల్సిన జీతం లేని పదవి. పాపం జీతం కూడా లేకుండా చేస్తున్నాడని ఊరంతా ఆయన మీద జాలిపడేది. బీదల ఇంటికి గంజి కాచేది నేను. మంచంలోనే తడుపుకునే ముసలాళ్ళ దుప్పట్లు ఉతికేది నేను. ఊరి సాయం తినేవాళ్ళు అందరికీ కనబడేలా భుజాన తగిలించుకోవాల్సిన ఎర్ర గుడ్డ అక్షరాలు కత్తిరించి కుట్టేదీ నేనే. "మా వాడికి ఎంత పెద్దరికం వచ్చింది! దీని మొహం చూడండి, ఇంట్లో శవం లేచినట్టు," అని మా అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. నా జీతం గురించి జాలిపడినవాళ్ళు ఎవరూ లేరు. పెళ్ళానికి జీతమేమిటని నవ్వుతారు.

టామ్సిన్ పాలపని చేసే పిల్ల. ఎక్కడి నుంచో వచ్చి మా ఊరి పైపొలం వాళ్ళ దగ్గర కుదిరింది. ఏడాదికి ఒక వారం తక్కువగా కుదుర్చుకున్నారు. నిండా ఏడాది చేస్తే ఈ ఊరిదైపోతుంది, రేపు కాలో చెయ్యో విరిగితే ఊరే తిండి పెట్టాలి. అందుకని ఆ ఒక్క వారం కోసి పారేస్తారు. అందరూ చేసేదే. కడుపు కనబడగానే పనిలోంచి తీసేశారు. ఆ పిల్ల ఎటూ పోకుండా పాడుబడ్డ గొర్రెల కొట్టంలో దాక్కుంది. సోమవారం మధ్యాహ్నం ఎవరో చూసి జాబెజ్‌కి చెప్పారు, నొప్పులు మొదలయ్యాయని.

పెళ్ళి కాని తల్లికి పుట్టిన బిడ్డ ఏ ఊళ్ళో నేలన పడితే ఆ ఊరిది. అందుకే జాబెజ్ భోజనం ముందు నుంచి లేచి పరిగెత్తాడు. మంత్రసాని కోసం కాదు, బండి కోసం. కానిస్టేబుల్ రూబెన్‌ని వెంట తీసుకున్నాడు. "నువ్వూ రా కెజియా. ఆడది ఒకతె ఉండాలి. రేపెవడైనా అడిగితే మర్యాదగా చేశామని చెప్పాలి," అన్నాడు. మర్యాద కోసం నన్ను బండెక్కించారు.

టామ్సిన్ ఆ కొట్టం గుంజని రెండు చేతులా కరుచుకుంది. రూబెన్ ఒక్కొక్క వేలూ విడదీశాడు. ఒక వేలు టక్కుమంది. "అమ్మా, మీరైనా చెప్పండమ్మా, ఒక్క పూట ఉండనివ్వండమ్మా!" అని నావైపు చూసి అరిచింది. నేను నోరు తెరిచేలోగా జాబెజ్ ఆమె జుట్టు పట్టి లాగి బండిలోకి విసిరాడు, పొట్ట పైకో కిందికో కూడా చూడలేదు. వాన కుండపోతగా పడుతోంది. మార్ల్‌ఫోర్డ్ అనే పక్క ఊరి వైపు హద్దు మూడు మైళ్ళు. గుంతల్లో చక్రం పడ్డప్పుడల్లా ఆ పిల్ల తల చెక్కకి కొట్టుకునేది. నా ఒళ్ళో పెట్టుకున్నాను. నా తొడని పళ్ళతో కొరికింది. కొరకనిచ్చాను. "ఆపండి, తల కనబడుతోంది," అన్నాను. ఆయన వెనక్కి కూడా చూడకుండా, "కాళ్ళు దగ్గరికి నొక్కి పట్టుకో, ఇంకెంత దూరం," అన్నాడు. గుర్రాన్ని కొట్టే కొరడా తిప్పి ఒకటి నా భుజానికీ తగిలించాడు.

వాగు దగ్గర బండి బురదలో దిగబడింది. ఆ వాగు గట్టున హద్దు రాయి, దానికి మా ఊరి వైపు పది అడుగుల్లో ఒక ఆల్డర్ చెట్టు. నాలుగేళ్ళుగా నేను ఆ దారిన వెళ్ళలేదు. సంతకు వెళ్ళాలంటే రెండు మైళ్ళు చుట్టూ తిరిగి వెళ్ళేదాన్ని. బండి కదలకపోయేసరికి జాబెజ్ తిట్టుకుంటూ టామ్సిన్‌ని చంకల కింద పట్టి దించేశాడు. ఆ పిల్ల ఇంక ఒక్క అడుగు వెయ్యలేక ఆల్డర్ చెట్టు వేరు పట్టుకుని కూలబడింది. అక్కడే, నా రెండు చేతుల్లోకి, ఆడపిల్ల పుట్టింది. వెచ్చగా ఉంది. ఏడ్చింది. నాకు ఒక్క క్షణం వాన వినబడలేదు.

"పుట్టలేదు. ఇంకా పుట్టలేదు. విన్నావా?" అన్నాడు జాబెజ్. బొడ్డు కొయ్యనివ్వలేదు. బిడ్డని పేగుతో సహా తల్లి పొట్ట మీద పడేసి, రూబెన్ కాళ్ళు, తను భుజాలు పట్టి వాగు దాటించారు. నీళ్ళు ఎర్రగా కదిలాయి. అవతలి గట్టున గడ్డిలో ఆమెను గోతాం విసిరినట్టు విసిరేశారు. నేను పడుతూ లేస్తూ వెళ్ళి పళ్ళతో పేగు కొరికి, నా ఏప్రన్ దారంతో కట్టి, బిడ్డని ఏప్రన్‌లో చుట్టాను. అంతకు మించి చెయ్యనివ్వకుండా మెడ పట్టుకుని బండి దగ్గరికి లాక్కొచ్చాడు. తిరిగి చూస్తే టామ్సిన్ విరిగిన వేలున్న చేతిని గాలిలో ఊపుతోంది, రమ్మన్నట్టు. నేను వెళ్ళలేదు. ఆ మాట ఇప్పటికీ నన్ను కాల్చేస్తుంది.

మార్ల్‌ఫోర్డ్ వాళ్ళు ఆమెను మోసుకెళ్ళారు. బుధవారం చచ్చిపోయింది. బిడ్డ మాత్రం బతికింది. వాళ్ళ ఊళ్ళో దిక్కులేని పసివాళ్ళని పెంచేది ముసలి పెగ్. ఆమె దగ్గర ఆరు నెలలు దాటి బతికిన బిడ్డని నేను ఇంతవరకూ చూడలేదు. పాలకు బదులు సారా తడిపిన గుడ్డ నోట్లో పెట్టి నిద్రపుచ్చుతుంది. పైగా మార్ల్‌ఫోర్డ్ వాళ్ళు ఊరుకోలేదు, ఆ బిడ్డ మీదేనని మేజిస్ట్రేట్ల దగ్గరికి వెళ్ళారు. వచ్చే సోమవారం విచారణ అన్నారు. బిడ్డ మా ఊరిదని తేలితే నేను పెంచుకుంటాను. తేలకపోతే అది పెగ్ చేతిలో పోతుంది. నాకు అంతకంటే వేరే న్యాయం తెలియదు.

విచారణకి ముందురోజు జాబెజ్ నన్ను వంటింట్లో గోడకి నిలబెట్టాడు. "బిడ్డ ఎక్కడ పుట్టింది?" చెంప పగిలింది. "హద్దు రాయికి అవతల. అను." మళ్ళీ కొట్టాడు. అన్నాను. అన్నా కొట్టాడు. "గుర్తుండాలి కదా. చిన్నప్పుడు మమ్మల్ని కొట్టలేదూ?" అని నవ్వాడు. అది నిజమే. ప్రతి వసంతంలో చర్చి ఫాదరుతో ఊరి మగవాళ్ళంతా హద్దుల చుట్టూ తిరుగుతారు. ఒక్కో రాయి దగ్గర మగపిల్లల్ని కర్రతో బాది, తల రాయికేసి కొడతారు, ముసలాళ్ళయ్యాక కూడా హద్దు ఎక్కడుందో ఒళ్ళు మరిచిపోకూడదని. తర్వాత వాళ్ళకి కేకులూ బీరూ. ఆ కేకులు చేసేది మేము. ఆడవాళ్ళని మాత్రం హద్దు దాకా రానివ్వరు. మా అత్తగారు పొయ్యి దగ్గర కూర్చుని బఠాణీలు ఒలుస్తూ, "మొహం మీద కొట్టకురా, రేపు దొరల ముందు నిలబడాలి," అంది. కొడుకు వెంటనే చెయ్యి కిందికి దించి కడుపులో గుద్దాడు. తల్లి మాట జవదాటడు.

సత్రం మేడ మీది గదిలో ఇద్దరు మేజిస్ట్రేట్ దొరలు కూర్చున్నారు. ఎదురుగా వేపిన బాతు, ద్రాక్షసారా. మార్ల్‌ఫోర్డ్ వాళ్ళు బిడ్డని గడ్డి బుట్టలో తెచ్చి బల్ల కింద పెట్టారు. నా ఏప్రన్ ఇంకా దాని ఒంటి మీదే ఉంది. జాబెజ్ బైబిల్ ముద్దుపెట్టుకుని, బిడ్డ వాగు అవతల పుట్టిందని చెప్పాడు. రూబెన్ బూట్లకేసి చూస్తూ అదే చెప్పాడు. టామ్సిన్ ఎలా చచ్చిపోయిందని ఒక్కరూ అడగలేదు. బిడ్డ బరువు ఎవరి నెత్తిన పడాలన్నదే గొడవ. తర్వాత నన్ను పిలిచారు. నా పక్కటెముకలు సలుపుతున్నాయి. పుస్తకం ముట్టుకుని, "హద్దు రాయికి ఇవతల, మా ఊళ్ళో, ఆల్డర్ చెట్టు మొదట్లో పుట్టింది అయ్యగారూ," అన్నాను.

గది గొల్లున నవ్వింది. పెద్ద దొర బాతు కాలు పక్కన పెట్టాడు. "చూడమ్మా, హద్దు తిరగడానికి ఆడవాళ్ళు రారు. పైగా వాన, అరుపులు. ఇవతలో అవతలో నీకెలా తెలుస్తుంది?"

"మగపిల్లలకి ఎలా తెలుస్తుందో నాకూ అలాగే తెలుసు అయ్యగారూ. నన్నూ అక్కడ కొట్టారు." జాబెజ్ వైపు చూడకుండా చెప్పుకుపోయాను. "నాలుగేళ్ళ కిందట సంత నుంచి వస్తూ, వెన్న సరిగా అమ్మలేదని మా ఆయన నన్ను అక్కడ తన్నాడు. అప్పుడు నేను పట్టుకున్నది ఆ ఆల్డర్ చెట్టు వేరునే. టామ్సిన్ పట్టుకున్నదీ అదే వేరు. నాకు ఆరో నెల. బిడ్డ అక్కడే పోయింది. చేతులతో గొయ్యి తీసి పూడ్చుకున్నాను. రాయికి ఇవతల పది అడుగులు. నేను మన హద్దులోనే జారిపడ్డానని ఆయనే ఊరంతా చెప్పాడు. రూబెన్‌ని అడగండి, నన్ను భుజాన వేసుకుని ఇంటికి తెచ్చింది అతనే."

రూబెన్ తల ఎత్తలేదు. కానీ ఊపాడు. జాబెజ్ మొహం కందగడ్డలా అయింది. "దొరగారూ, మొగుడి మీద పెళ్ళాం సాక్ష్యం చెల్లదు!" అని అరిచాడు.

"నేను ఆయన మీద ఏమీ చెప్పడం లేదయ్యగారూ," అన్నాను. "హద్దు ఎక్కడుందో చెబుతున్నాను, అంతే."

ఎవరూ నవ్వలేదు. దొరలిద్దరూ తలలు దగ్గర పెట్టి గుసగుసలాడుకున్నారు. బిడ్డ హోల్కోట్‌ది అని గుమాస్తా రాసుకున్నాడు.

బుట్ట ఎత్తుకుని మెట్లు దిగాను. కింద బండి సిద్ధంగా ఉంది, నేను తోమి తోమి తెల్లగా చేసిన బండి. జాబెజ్ కొరడా పట్టుకుని నిలబడ్డాడు. "ఎక్కవే. ఇంటికి పద, హద్దు ఎక్కడుందో మళ్ళీ నేర్పిస్తాను," అన్నాడు పళ్ళ మధ్య నుంచి. నాకు భయం వెయ్యలేదంటే అబద్ధం. కానీ మేడ మెట్ల మీద రెండూళ్ళ జనం ఉన్నారు. ఆయన్ని పెళ్ళి చేసుకున్నందుకు నాకు దక్కింది ఒక్కటే, ఈ ఊరిదాన్ననే హక్కు. బీదరాలినైతే ఊరు నాకు గంజి పొయ్యాల్సిందే.

"నేను నడిచి వస్తాను," అన్నాను, అందరికీ వినబడేలా. "నీ ఇంటికి కాదు, బీదల ఇంటికి. రేపు పొద్దున ఈ బిడ్డతో బీదల పెద్ద గుమ్మం ముందు నిలబడి సాయం అడుగుతాను. గంజి కాచి ఉంచు జాబెజ్. భుజాన ఎర్ర గుడ్డ మాత్రం నేనే కుట్టుకొస్తాను."