దగ్గరి బంధువు వాంగ్మూలం

వినోద జర్మనీ నుంచి వస్తున్నట్టు ఎవరికీ చెప్పలేదు. హైదరాబాద్‌లో దిగి, కరీంనగర్‌లో బస్సు మారి, మెట్‌పల్లి చేరేదాకా భర్తకు ఫోన్ కూడా చేయలేదు. చెప్తే ముందే జాగ్రత్తపడతాడని ఆమె భయం.

కస్సెల్ అనే ఊళ్లో ఆమె ఆస్పత్రి నర్సు. పెళ్లయిన తొమ్మిదో రోజే విమానమెక్కింది. భర్త సంపత్‌ను తీసుకెళ్లడానికి వీసా దరఖాస్తు పెట్టి పదకొండు నెలలైంది. మొదట మూడు నెలలన్నారు, తర్వాత విచారణన్నారు. నలభై రోజుల కింద వీసా ఆఫీసు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. దంపతుల దగ్గరి బంధువు ఒకరు ఈ పెళ్లే జరగలేదని సంతకం చేసి చెప్పారట. రెండు నెలల్లో వివరణ ఇవ్వకపోతే దరఖాస్తు కొట్టేస్తామని రాశారు. ఆ బంధువు పేరు మాత్రం రాయలేదు.

ఎవరై ఉంటారు? డ్యూటీలో రోగులకు సెలైన్ పెడుతూ కూడా అదే ఆలోచన. అత్త కిష్టవ్వకు ఒక్కడే కొడుకు. లేదా సంపతే చెప్పించి ఉంటాడు. అతనికి మోటార్ల రివైండింగ్ షాపుంది. ఎండాకాలంలో కొత్త బోర్డు పెట్టాడు, కొత్త మిషను కొన్నాడు. దేశం విడిచి వెళ్లేవాడికి మిషనెందుకు? ఈ మధ్య వీసా మాటే ఎత్తడం లేదు. ఆరు ఆదివారాలుగా ఈ అనుమానాలన్నీ ఆమె మంచిర్యాలలో ఉన్న తండ్రి దశరథానికి చెప్పుకుంది. ఆయన ఊఁ కొట్టి ఫోన్ తల్లికిచ్చేవాడు.

షాపులో సంపత్ కాలిపోయిన బోరు మోటారు ముందు కూర్చుని తీగ చుడుతున్నాడు. ఆమెను చూసి లేచాడు. మొహం వెలిగింది, వెంటనే, ఆమె వెంట ఇంకెవరైనా వచ్చారా అన్నట్టు చూపు వీధి వైపు పోయింది. వినోద అదీ గమనించింది.

ఇంటికి వెళ్లాక ఉత్తరం చూపించింది. అతను రెండుసార్లు చదివి తల్లికి విడమరిచి చెప్పాడు. వానాకాలంలో ఒకాయన సంచి తగిలించుకుని పెళ్లి సంగతి అడగడానికి వచ్చాడని, పెళ్లి ఆల్బమ్ చూపించి అన్నం పెట్టి పంపానని కిష్టవ్వ చెప్పింది.

"కొడుకు దూరం పోతే నాకు బాధనే బిడ్డా. గని అబద్ధమెందుకు జెప్త?" అంది.

వినోద నమ్మలేదు. సంపత్ స్నానానికి వెళ్లినప్పుడు అల్మారా తెరిచి వెతికింది. చొక్కాల కింద పాస్‌పోర్టు, దరఖాస్తు కాగితాలు ఒక్కటీ చెదరకుండా ఉన్నాయి. వెనక్కి తిరిగేసరికి అతను తడి తలతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చొక్కా తీసుకుని వెళ్లిపోయాడు.

వివరణకు పుట్టింటివైపు కాగితాలు కూడా జతచేయాలని మర్నాడు మంచిర్యాల బయల్దేరింది. పిలవకపోయినా సంపత్ వెంట వచ్చాడు. బస్సులో వేరే సీట్లో కూర్చున్నాడు.

తల్లి చంద్రవ్వ కాగితాల సంచి తెచ్చి ముందు పెట్టింది. అందులోంచి రేషన్ కార్డు తీసి పక్కన పెడుతూ, అది జాగ్రత్త అంది.

"నీ పేరు ఇంక గీ కార్డుల్నే ఉన్నది. వానకాలంల ఒకాయన విచారణకు వచ్చిండు. మీ బాపు గట్టిగ చెప్పిండు గనుక పేరు పోలే."

వినోద చేయి ఆగిపోయింది. "ఏం జెప్పిండు?"

"నీకు పెండ్లి గాలే, ఇంట్లనే ఉంటవని."

దశరథం లేచి చెప్పుల కోసం వెతుక్కున్నాడు. బాపూ, ఆగు అంది వినోద. ఆయన గుమ్మంలోనే వీపు తిప్పి నిలబడ్డాడు.

"కార్డుల పేరు కొట్టేస్తందుకే వచ్చిండనుకున్న," అన్నాడు. "పెండ్లయిందా అంటే కాలే అన్న. రాసుకున్నడు. సంతకం పెట్టుమంటే పెట్టిన."

"గది వీసా విచారణ అని ఎప్పుడు తెలిసింది?"

"ఉత్తరం సంగతి నువ్వు చెప్పిననాడే."

"మరి ఆరు వారాలు ఎందుకు చెప్పలే?"

"నువ్వు అల్లుని మీద అనుమానపడ్డవు. నా పేరు బయటికి రాదనుకున్న."

చంద్రవ్వ అల్లుడి మొహం చూడలేక వంటింట్లోకి వెళ్లిపోయింది. వినోద రేషన్ కార్డు తీసి తిరిగి సంచిలో పెట్టేసింది. చివరికి సంపతే మాట్లాడాడు. "మామా, రేపు కరీంనగర్ పోదాం. నోటరీ కాడ ఉన్నదున్నట్టు రాసియ్యి."

మర్నాడు కోర్టు దగ్గర దశరథం అబద్ధం చెప్పానని రాయించాడు. టైపు చేసిన కాగితాన్ని రెండుసార్లు చదివించుకుని, సంతకం పెట్టాడు. కూతురు ఆ కాగితం తీసుకుని సంచిలో పెట్టుకుంది. ఆయనను మంచిర్యాల బస్సెక్కించాక, బస్టాండులో సంపత్ అడిగాడు.

"నేనే చెప్పిననుకున్నవా?"

"అవును. మిషను కొన్నవు గదా."

"వీసా వచ్చేదాక పని లేకుంట కూసుంటే పిచ్చి లేస్తదని కొన్న. పోయేముందు అమ్ముత." తర్వాత అతనే అన్నాడు, "నేనుగూడ నీ మీద అనుమానపడ్డ. నన్ను రానియ్యొద్దని నువ్వే ఆపుతున్నవేమోనని. అడుగుతే ఏం వినాల్సొస్తదో అని వీసా మాటనే ఎత్తలే."

వినోద అతని వైపు తిరిగి చూసింది. తనమీద కూడా అలాంటి లెక్క ఒకటి నడుస్తోందని ఆమెకెన్నడూ తోచలేదు. మెట్‌పల్లి బస్సొచ్చింది. ఈసారి ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు.

తొమ్మిది వారాల తర్వాత సంపత్ కస్సెల్ ఆస్పత్రికి ఫోన్ చేసి వీసా వచ్చిందన్నాడు. వినోద పాస్‌పోర్టులో ఆ పేజీ ఫొటో పంపమంది. పేరూ, పుట్టిన తేదీ, నంబరూ పెద్దవి చేసుకుని ఒక్కొక్క అక్షరం చదివింది. ఆ తర్వాతే అతని విమానం టికెట్ ధర చూసింది.