మగ్గం పక్కన పీట

శనివారం పొద్దున మంచు మొదలైంది. ఆదివారానికి మా గుమ్మం సగం మూసుకుపోయింది. మగవాళ్ళు చెక్క పారలు పట్టుకుని మిద్దెలెక్కారు, ఆడవాళ్ళం మగ్గం గదిలో దూరాం. బీజార్ కొండల్లో చలికాలమంటే ఇంతే. మంచు తోయకపోతే మిద్దె కూలుతుంది, తివాచీ నేయకపోతే పొయ్యి ఆరుతుంది.

ఆ ఆదివారమే జ్వరంతో మా అత్త గొల్బాఖ్ గొంతు పోయింది.

గొంతు పోతే మగ్గం ఆగుతుంది. మా దగ్గర నేసేవాళ్ళు కాగితం చూడరు. ఒక మనిషి పక్కన పీట మీద కూర్చుని, గళ్ళ కాగితంలో బొమ్మ చూస్తూ పాటలాగా చదువుతుంది. "రెండు నీలం, ఒకటి ఎరుపు, మూడు తెలుపు." ముడులు వేసినవాళ్ళు "వేశాం" అంటారు. ఇరవై రెండేళ్ళుగా ఆ పీట అత్తది. పీట మీది మనిషికి వేళ్ళు పగలవు, మోకాళ్ళు పట్టెయ్యవు, ఇంట్లో ఆమె మాటకి ఎదురుండదు. తొమ్మిదేళ్ళుగా ఆ పీట మీద కన్నేసుకునే నేను ముడులు వేశాను. రొట్టెలు చుట్టి తెచ్చిన పాత పేపర్ల మీద అక్షరాలు కూడబలుక్కున్నదీ దానికోసమే. నాకెవడూ నేర్పలేదు.

అత్త పక్కగదిలో, కింద నిప్పుల కుంపటి పెట్టిన బల్ల దగ్గర బొంతలో కూరుకుపోయి చెయ్యి ఊపింది. చేతులు తుడుచుకుని ముందుకెళ్ళాను. ఆమె వేలు నన్ను దాటి వెనక్కి పోయింది.

వెనకాల హతావ్ ఉంది. నా తోడికోడలు. మా ఇంటికొచ్చి రెండు నెలలు. పట్నంలో బడికెళ్ళిన పిల్ల, అప్పటిదాకా ఉన్ని దువ్వుతూ కూర్చునేది.

"నేనా అత్తా? అక్క ఉండగా నేనేంటి?" అంది.

అత్త గొంతులోంచి గాలిలాంటి గుసగుస మాత్రమే వచ్చింది. "నష్మీల్ చేతులు మగ్గానికి కావాలి. నువ్వు చదువు."

తొమ్మిదేళ్ళు బాగా పని చేసినందుకు నాకు దక్కిన బహుమానం అది. బాగా చేస్తున్నావు కాబట్టి అక్కడే చావు.

హతావ్ పీట మీద కూర్చుని గొంతెత్తింది. ఏం చెప్పను! ఆ గొంతు తేనె. పొరుగింటి అక్కచెల్లెళ్ళు శీలాన్, పర్షంగ్ నాకు అటూ ఇటూ కూర్చుని నేస్తారు. రోజూ మధ్యాహ్నానికే నడుము పట్టుకుని మూలిగేవాళ్ళు, ఆ రోజు ఊగుతూ ముడులేశారు.

"పెద్దమ్మ చదువుతుంటే చావు కబురు విన్నట్టుండేది. ఇది పెళ్ళి ఊరేగింపులా ఉందే!" అంది శీలాన్.

మిద్దె కంతలోంచి నా మొగుడు ఫెరైదూన్ తల కనబడింది. మీసాల నిండా మంచు. "ఎవరమ్మా ఆ చదివేది? పార ఆడించడం మర్చిపోయాను!"

"నీ తమ్ముడి పెళ్ళాం. ముందు మంచు తొయ్యి. మిద్దె కూలితే పాట కిందే అందరం చస్తాం," అన్నాను.

వాడు నవ్వాడు. తొమ్మిదేళ్ళలో నేను ఏం చేసినా ఆ మనిషి పార ఆపలేదు.

ఆదివారమంతా అంచు చారలే, ఎటునుంచి చదివినా ఒకటే. సోమవారం పొద్దున తివాచీలో పక్షుల దగ్గరికొచ్చాం. బొమ్మ మధ్యలో ఉండే కూజాకి అటొకటి, ఇటొకటి, ఎదురెదురుగా చూసుకునే పక్షులు. మగ్గం యజమాని హాజీ మొఖ్తార్ మాకు బొమ్మ సగం గీసిన కాగితమే ఇస్తాడు. మిగతా సగం మా ఖర్మ. వరస మధ్యకి రాగానే, చదివే మనిషి అదే వరసని వెనక్కి చదవాలి. అప్పుడే రెండో పక్షి మొదటిదానివైపు తిరుగుతుంది. మా అత్త మధ్యకొచ్చినప్పుడు నోటితో ఏమీ చెప్పదు. ముడులు దిగ్గొట్టే ఇనప దువ్వెనతో పీట కాలి మీద రెండుసార్లు కొట్టి, వెనక్కి చదవడం మొదలుపెడుతుంది.

హతావ్ దువ్వెన కొట్టింది. ముచ్చటగా, రెండుసార్లు. కొట్టి, ఆ వరసని మొదటినుంచే మళ్ళీ చదివింది.

నా చేయి ముడి మీద ఆగింది. అక్కచెల్లెళ్ళు "వేశాం" అన్నారు, వాళ్ళకి విన్నది వేయడమే తెలుసు. అది తప్పని నాకు తెలుసు. ఒక్క మాట అంటే సరిపోయేది.

"వేశాం," అన్నాను.

మమ్మల్ని ఒకరిమీద ఒకరిని ఎగదోసి మా యజమానులు బతుకుతున్నారని నలుగురిలో నిలబడి అరిచేదాన్ని నేను. ఆ సోమవారం నన్నెవడూ ఎగదోయలేదు. నాకు నేనే సరిపోయాను. ఆమె ఎంత కమ్మగా చదివితే అంత గట్టిగా తప్పు ముడులు బిగించాను. మంగళవారం సాయంత్రానికి ముప్పై ఎనిమిది వరసలు. రెండో పక్షి కూజాకి వీపు పెట్టి గోడకేసి చూస్తోంది. నాకు లోపల చల్లగా ఉంది.

బుధవారం అత్త జ్వరం దిగింది, గొంతు మాత్రం ఇంకా బొంగురే. గోడ పట్టుకుని వచ్చింది. ఆమెకి దూరం ఆనదు, నేతకి మొహం దగ్గరపెట్టి వేళ్ళతో వెంబడిస్తూ చూస్తుంది. మొదటి పక్షి మీద అరచెయ్యి పెట్టింది, కూజా దాటింది, రెండోదాని మీద ఆగిపోయింది.

"ఎవరే దీని మెడ విరిచింది?"

దువ్వెన చప్పుడంటే వెనక్కి చదవాలని అత్త చెప్పేసరికి హతావ్ మొహం పాలిపోయింది. "ఆ టకటక... పాటకి తాళమనుకున్నాను అత్తా."

పర్షంగ్ కిసుక్కుమంది. అత్త చూసిన చూపుకి నోరు మూసుకుంది.

"దిగు పీట. తాళం ఊటనీళ్ళలో వేద్దువుగాని. చలికాలం పోయేదాకా ఉన్ని కడుగు. నష్మీల్, కూర్చో, తప్పు ఎంతదాకా పోయిందో చదివి చూడు."

కూర్చున్నాను. పీట ఇంకా వెచ్చగా ఉంది. హతావ్ బకెట్ పట్టుకుని మంచులోకి వెళ్ళింది. నేను చదివాను. నాది కాకి గొంతని నాకు తెలుసు, కానీ సరైన చోట కొట్టాను, సరిగ్గా వెనక్కి చదివాను. అత్త తలాడించింది. పీట నాదయింది.

మధ్యాహ్నానికి హతావ్ తిరిగొచ్చింది. చేతులు బీట్‌రూటు దుంపల్లా ఉన్నాయి. ఆ చేతులతోనే టీ గ్లాసు తెచ్చి నా పక్కన పెట్టింది.

"ఏమీ అనుకోకు అక్కా. నా వల్ల నీ రెండు రోజుల కష్టం మట్టిపాలయింది. పాపం ముడుల్లో మునిగిపోయి నువ్వూ చూసుకోలేదు. చూసుంటే చెప్పేదానివే."

తిడితే భరించేదాన్ని. ఏడ్చినా సంతోషించేదాన్ని. గొంతు ఆమెదే, వయసు ఆమెదే, నా మొగుడి మెప్పూ ఆమెకే. ఇప్పుడు మంచితనంలో కూడా నన్ను దాటిపోతుందా? నన్ను క్షమించి పైన కూర్చుంటుందా?

"చూశాను," అన్నాను. "మొదటి వరసలోనే చూశాను. కావాలనే నోరు మూసుకున్నాను."

శీలాన్ చేతిలోంచి దారం జారింది.

"ఎందుకే?" అంది అత్త.

"దాని గొంతు బాగుంది కాబట్టి."

హతావ్ నా పక్కన పెట్టిన గ్లాసు తీసుకుని, నిలబడే, టీ మొత్తం తనే తాగేసింది.

"ఆ పక్షి మెడ కాదు అక్కా, నీ మెడ విరవాలి," అంది.

నాకు మొదటిసారి ఆ పిల్ల మీద కాస్త గౌరవం కలిగింది. మంట మాత్రం తగ్గలేదు.

అత్త నా రెక్క పట్టుకుని పీట మీంచి లేపింది. పీటని కాలితో గోడవైపు తోసింది. "నా గొంతు వచ్చేదాకా దీని మీద ఎవత్తీ కూర్చోదు. తప్పు చదివింది ఒకత్తి, దాచింది ఒకత్తి. కొక్కేలు తీసుకోండి. ప్రతి వరసలో కుడి సగం నువ్వు, ఎడమ సగం నువ్వు. ముప్పై ఎనిమిదీ విప్పండి."

విప్పడానికి ఎవరూ చదవక్కర్లేదు. గదిలో ఊలు తెగే చప్పుడు, పైన పారల చప్పుడు. గురువారం మధ్యాహ్నానికి ఇంకా విప్పుతూనే ఉన్నాం. పగిలిన వేళ్ళలోకి ఎర్ర ఉన్ని పీచు దూరి మండుతోంది. ఓరగా చూశాను. ఆమె వేళ్ళు వాచిపోయున్నాయి, అయినా అప్పటికే ఇరవై రెండో వరసలో ఉంది.

నేను ఇరవై ఒకటిలో ఉన్నాను. కొక్కెం బిగించి పట్టుకుని, తల వంచుకుని, వేగం పెంచాను.