రాత ఎటు తిరిగి ఉండాలి

చెప్పుల కార్ఖానాలో ఆవిడ అసలు పేరుతో ఎవరికీ పని పడలేదు. అందరికీ ఆవిడ మైకు. కుట్టుమిషన్లన్నీ నడుస్తున్నా సరే, ఈ గోడ దగ్గర ఆవిడ కేకేస్తే ఆ గోడ దగ్గరివాళ్లు ఉలిక్కిపడేవారు. అందుకే జిగురు గదికి సూపర్‌వైజరును చేశారు. కొత్త నియమం రాగానే మేనేజరు ఆవిడనే పిలిచిందీ అందుకే.

నియమం కొరకరాని కొయ్యేమీ కాదు. రసాయనం ఉన్న ప్రతి డబ్బా మీదా అందులో ఏముందో, దానివల్ల ఏం ముప్పో పనివాళ్ల భాషలో రాసి ఉండాలి. అది చదివి వినిపించాలి. విన్నవాళ్లు తిరిగి అప్పజెప్పి సంతకం పెట్టాలి. అప్పటిదాకా డబ్బాల మీద ఉన్నది ఎవరికీ రాని భాష. అర్థమయ్యేది ఒక్క బొమ్మే, గుండెల మీద నక్షత్రం పగిలినట్టున్న మనిషి. వాణ్ణి ప్రేమించి చెడినవాడిగా తేల్చేసి, పొద్దున్నే మూత తీస్తూ "ఏరా, ఇంకా తేరుకోలేదా?" అని ఆడవాళ్లు పలకరించేవారు. పాపం వాడు చెప్పాలనుకున్నది అది కాదు.

ఆ ఉదయం మైకు కొత్త రాత అంటించిన డబ్బా ఎత్తి పట్టుకుని గొంతు సవరించుకుంది.

"మంట దగ్గర పెట్టకూడదు. కళ్లలో పడితే మండుతుంది. ఆవిరి పీలిస్తే తల తిరుగుతుంది."

"అది మాకు తెలియనిదా అక్కా!" అని నవ్వారు. తడి జిగురుకు దుమ్ము అంటుకుంటుందని ఆ గది కిటికీలు ఎప్పుడూ మూసే ఉంటాయి. తలనొప్పి లేకుండా ఇంటికి వెళ్లినవాళ్లు లేరు.

తరువాతి వాక్యాన్ని ఆవిడ ముందు కళ్లతోనే చదువుకుంది. "కడుపులో బిడ్డకు హాని కలగవచ్చని అనుమానం" అని ఉంది.

కిటికీ పక్క బల్ల దగ్గర ఆవిడ తమ్ముడి భార్య బ్రష్షు తుడుచుకుంటూ వింటోంది. మరదలు నెల తప్పిన సంగతి ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. నిరుడు ఒకసారి కడుపు పోయింది. బకెట్టు ఎత్తావనీ, మెట్లు దబదబా దిగావనీ ఆడపడుచు హోదాలో మైకు అప్పుడు సాధించాల్సినంతా సాధించింది. అంతకుముందే ఈ ఉద్యోగం ఇప్పించింది తనే. వెలుతురు బాగుంటుందని ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టిందీ తనే.

చదివింది, ఎవరికీ వినపడనట్టు.

"మైకు పాడైందే!" అని వెనకనుంచి ఎవరో అరిచారు. మళ్లీ చదవక తప్పలేదు. ఈసారి అందరికీ వినపడింది.

అప్పజెప్పించే ముందు ఆవిడ పరుగున మేనేజరు దగ్గరికి వెళ్లింది.

"మా మరదల్ని ప్యాకింగ్ వైపు మార్చండి సార్."

"ఎందుకమ్మా?"

కారణం నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. మొన్నామధ్య కడుపుతో ఉన్న ఒకమ్మాయిని విశ్రాంతి తీసుకోమని ఇంటికి పంపారు. మర్నాడే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారు. ఇక్కడ తమ్ముడేమో కాలు విరిగి మంచం మీద ఉన్నాడు.

"వాసన పడటం లేదు సార్."

"ఎవరికి పడుతుందమ్మా? ఖాళీ ఉంటే మార్చనా? అయినా ఏం ముప్పో చెప్పమన్నారు. చెప్పారుగా." మెత్తగానే అన్నాడు. కసురుకుని ఉంటే తిట్టుకునైనా ఊరుకునేది.

గది బయట మరదలు ఎదురైంది.

"రేపట్నుంచి రాకే."

"రాకపోతే మీ తమ్ముడి మందులు ఎవరు తెస్తారు వదినా? అనుమానం అనే కదా రాశారు." వేలికంటిన జిగురు గిల్లుకుంటూ అడిగింది, "పోయినసారి కూడా ఇదే జిగురా?"

మైకుకు ఏడుపొచ్చింది. ఏడవడానికి అక్కడ చోటు కూడా లేదు.

తన వంతు రాగానే మరదలు లేచి, ఒక్క మాట పోకుండా అంతా అప్పజెప్పింది. ఆ వాక్యం కూడా చెప్పింది. అందరికంటే బాగా చెప్పావని, తలుపు దగ్గర నిలబడి వింటున్న మేనేజరు మెచ్చుకున్నాడు. సంతకం పెట్టి బల్ల దగ్గరికి వెళ్లి, మూత తీసేముందు డబ్బాను కొంచెం తిప్పింది. రాత గోడవైపుకు పోయింది.

మైకు చూసింది. పోనీలే అనుకుని దాటి వెళ్లబోయింది. మేనేజరు ఇంకా తలుపు దగ్గరే ఉన్నాడు.

"అదిగో, ఆ డబ్బా. పనిచేసే మనిషికి రాత కనపడాలి కదమ్మా."

ఆవిడ వెళ్లి, మరదలి మొహం చూడకుండా, రెండు చేతులతో డబ్బాను ఆమెవైపు తిప్పి పెట్టింది. మరదలు బ్రష్షు ముంచింది.