గుండ్రంగా రాసిన పేర్లు

పర్సుడీహ్ బస్తీలో, డ్యూటీ నుంచి వచ్చి తన అద్దె గది గుమ్మం బయటే కూర్చుని నూకమ్మ రెయిన్‌కోటు ఉతుకుతోంది. కరోనా వార్డు తుడిచేవాళ్లకి కిట్టు అని కాంట్రాక్టరు ఇచ్చింది అదే. భుజం దగ్గర చిరుగు. ఎన్నిసార్లు కుట్టినా మళ్లీ నోరు తెరుస్తుంది.

"గడప దాటకే! నా కొడుకుని మింగావు, ఇప్పుడు నన్నూ పంపేత్తావేటి?" అంటూనే అత్త జోగమ్మ అన్నం గిన్నె గడప మీదికి తోసింది. ఆ అన్నం పొద్దున నూకమ్మ వండిందే. వండిన అన్నానికి లేని అంటు వండిన మనిషికి ఎలా వచ్చిందో ఆమెకి అర్థం కాలేదు.

మర్నాడు వార్డులో, జబ్బుతో పడుకున్న సుధ మంచం కింద నూకమ్మ తుడిచింది. పోయిన వారం దాకా సుధ ఆమె పక్కనే తుడిచేది. "పనికి రానోళ్ల పేర్లు కొట్టేత్తన్నారట. యూనియనోళ్లు పెట్టే కాగితంలో నా పేరు కూడా రాయక్కా," అంది సుధ మాస్కులోంచి, ఎగశ్వాసతో.

సైకిల్ స్టాండు వెనక యూనియన్ ఇంద్రాణి టిఫిన్ మూత బోర్లించి, కాంట్రాక్టరుకి ఇచ్చే కాగితం మీద గుండ్రం గీసింది. మంచి కిట్లు కావాలి, జబ్బు పడ్డవాళ్లని పనిలోంచి తీయకూడదు అని పైన రాసుంది. "వరసలో రాత్తే మొదటి పేరుదాన్నే పీకుతారు. గీత మీదే రాయండి, మద్దిన ఎవరూ రాయకండి. ఎవర్ని తీసినా అందరం గేటు కాడ కూకుందాం."

కాగితం చివరికి నూకమ్మ దగ్గరికొచ్చింది. ఒక్క పేరుకే చోటుంది. పని పోతే అద్దె కట్టలేక గది పోతుంది. గది పోతే ముసలిదాన్ని ఎక్కడ పెట్టాలి? రేషన్ షాపులో తన బొటనవేలు పట్టి సిరాలో అద్దుతూ మొగుడు అనే మాట గుర్తొచ్చింది: "నీ పేరుతో ఎవడికేటి పని?" అతను పోయాకే, ఆదివారాలు ఇంద్రాణి దగ్గర కూర్చుని నూకమ్మ అక్షరాలు దిద్దుకుంది.

"బేగి రాయక్కా! నీ అచ్చరాలు అయ్యేసరికి కరోనాయే పోద్ది," ఎవరో నవ్వారు.

నూకమ్మ ఖాళీలో నెమ్మదిగా 'సుధ' అని రాసింది.

"మరి నీ పేరో?" అంది ఇంద్రాణి.

గీత మీద ఇంక చోటు లేదు. నూకమ్మ కాగితం తన వైపు తిప్పుకుంది. గుండ్రానికి నట్టనడుమ, అందరికంటే ముందు కంటబడే చోట, తన పేరు రాసింది.