ఉప్పు చూసే మనిషి

మా మామగారు కొమురెల్లికి నోరు పెద్దది. నాచారం ఫ్యాక్టరీలో మిషన్ల మోత మధ్య పనిచేసి అలా తయారయ్యారేమో, వంటింటి గుమ్మంలో నిలబడి "ఉప్పేదే, రాములా!" అని అరిస్తే పై వాటా వాళ్లకు కూడా వినపడేది. అత్తయ్య రాములమ్మ ఏ కూరైనా దించే ముందు ఆయన అరచేతిలో కాస్త వేసేది. ఆయన నాకేవారు, అరిచేవారు, వెళ్లిపోయేవారు. కొత్త కోడలిగా వచ్చినప్పుడు నాకు ఒళ్లు మండిపోయేది. కాకినాడలో మా ఇంట్లో మగవాళ్లు పెట్టింది తిని లేచిపోతారు. ఈయనకేమిటీ జులుం అనుకునేదాన్ని.

ఈ వేసవిలో ఆయన పోయారు. ఆ ఉద్యోగం నాకొచ్చింది. "నీరజా, జర ఉప్పు సూడు" అని అత్తయ్య రోజూ గరిటె చాపుతుంది. కోడలి నాలుకకు పరీక్షలు పెడుతోందని లోపల గొణుక్కునేదాన్ని.

నిన్న పెత్రమాస. పోయినవాళ్లకు వండిపెట్టే అమావాస్య. మామయ్యకు ఇదే మొదటిది. పొద్దున్నే మా ఆయన రంజిత్ ఉప్పల్ మార్కెట్లో కొట్లాడినంత పని చేసి తోటకూర, గుమ్మడికాయ తెచ్చాడు. పెద్దలకు పెట్టేదాకా ఆ వంట ఎవరూ రుచి చూడకూడదు, ఎంగిలవుతుంది.

పప్పు ఉడికింది. అత్తయ్య ఉప్పు డబ్బా పట్టుకుని పొయ్యి ముందు నిలబడిపోయింది. గుప్పిట్లోకి కాస్త తీసింది, మళ్లీ డబ్బాలోనే పోసేసింది. చూస్తే కళ్లనిండా నీళ్లు.

"ఏమైందత్తయ్యా?"

"ఏసిన్నో లేదో యాదికొస్తలేదు బిడ్డా. సూద్దమంటే ఎంగిలైతది. సూసినా నాకు తెల్వది."

"తెలియకపోవడం ఏమిటి?"

"నీ పెండ్లికి ముందు పెద్ద జరమొచ్చింది సూడు, అప్పుడే నా నాలుక సచ్చింది. ఉప్పు, కారం ఏదీ తెల్వది. ఎవలకు జెప్పొద్దన్న మీ మామకు. గందుకే ఆయన గట్ల ఒర్లేటోడు. అందరు ఆయననే తిట్టుకున్నరు, నన్నెవలు అడగలే." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇయ్యాల ఆయనకే పెట్టాలె. ఇయ్యాలనే చప్పగ పెడితే ఎట్ల?"

ఆ పెద్ద నోటి మీద నాకు ఒక్కసారిగా ప్రేమ పుట్టుకొచ్చింది.

"మామయ్య ఎప్పుడైనా ఉప్పు చూడకుండా తిన్నారా అత్తయ్యా? ముందు ఆయన చేతిలోనే కదా వేసేది. ఇవాళ కూడా ఆయనకే ముందు వేయండి. తర్వాత నేను చూస్తే ఎంగిలెందుకవుతుంది?"

అత్తయ్య డబ్బా గట్టు మీద పెట్టింది. విస్తరాకు ముక్కలో గరిటెడు పప్పు వేసి, హాల్లో మామయ్య ఫొటో ముందు పెట్టి దండం పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను. వంటింట్లోకి వచ్చాక నా అరచేతిలో కాస్త వేసింది. నాకి చూశాను. ఉప్పు పడనే లేదు.

"ఉప్పు లేదత్తయ్యా" అంటే సరిపోయేది. కానీ వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను, పై వాటా వాళ్లకు వినపడేలా అరిచాను.

"ఉప్పేదే, రాములా!"

స్నానాల గదిలోంచి రంజిత్ తడి తల బయటపెట్టాడు. అత్తయ్య ఉలిక్కిపడి గుమ్మం వైపు తిరిగింది. ఆమె చూసింది నన్ను కాదు, నా పక్కనున్న ఖాళీని. చెయ్యి దానంతటదే డబ్బాలోకి వెళ్లింది.

"ఏస్తున్న తియ్యి," అంది. "జర లొల్లి జెయ్యకు."