వెనక గది హక్కుదారు

వడ్రంగి ఈ జన్మలో క్షమించని మనిషి ఒక్కడే, గొడుగు ప్లీడరు. ఎండైనా వానైనా చంకలో గొడుగు, మాటకు ముందు ఓ గొంతు సవరింపు, కాగితం సగం చదివి "అంతా సవ్యంగా ఉంది, సంతకం పెట్టెయ్ మేస్త్రీ" అనే నోరు. ఆ నోటిని నమ్మి ఇల్లు కొన్నాడు.

అయిదో తరగతితో బడి మానేసినా అడగాల్సినవి అడక్కుండా ఏం కొనలేదు. అమ్మేవాడు నిజంగా యజమానేనా, ఇంటి మీద అప్పేమైనా ఉందా, పన్ను బకాయిలున్నాయా అని ఒక్కొక్కటే అడిగాడు. కాగితం మీది హద్దులూ నేల మీది హద్దులూ ఒకటేనో కాదో తనే టేపు పట్టి కొలుచుకున్నాడు. ప్లీడరు అన్నిటికీ తలాడించాడు. ఆ ఇంట్లో ఉండే హక్కు ఇంకెవరికైనా ఉందా అని మాత్రం అడగాలని వడ్రంగికి తోచలేదు. తోచాల్సినవాడు ఫీజు తీసుకుని ఊరుకున్నాడు.

ఇరవై ఏళ్ళు అద్దె కొంపల్లో రంపం చప్పుడుకి ఇంటివాళ్ళ చేత తిట్లు తిన్న మనిషి అతను. ఈ ఇల్లు కొన్నదే పెరటివైపు గది కోసం. అందులో పనిబల్ల వేసుకుంటే ఇంకొకడి షెడ్డులో కూలికి పోనక్కర్లేదు. అంతకు మించి అతనికి పెద్ద కోరికలేం లేవు.

దిగిన రోజే ఉలులూ, చిత్రికలూ, రంపాలూ ఆ గదిలో సర్ది తాళం వేశాడు. మర్నాడు పొద్దున చూస్తే అన్నీ గడప బయట ఉన్నాయి. ఎవరో శుభ్రంగా తుడిచి, పెద్దవొక వరసా చిన్నవొక వరసా పేర్చారు. తాళం వేసినది వేసినట్టే ఉంది. తీసి తోస్తే తలుపు కదల్లేదు. లోపల గడియ పడి ఉంది.

తలుపులు అతనికి కొత్తా? బందులు ఊడదీసి తలుపును పక్కకు ఆనించాడు. లోపల పురుగు కూడా లేదు. నేల మాత్రం అప్పుడే తడిగుడ్డ పెట్టినట్టు చెమ్మగా ఉంది. తలుపు మళ్ళీ బిగించి, టీ తాగొచ్చేసరికి గడియ పడింది.

సాయంత్రం చూస్తే భార్య ఆ గడప ముందు మంచినీళ్ళ గ్లాసు పెడుతోంది.

"ఎవరికే?"

"మామ్మగారికి. మధ్యాహ్నం నుంచీ దగ్గుతోంది పాపం."

"ఏ మామ్మ?"

"నాకేం తెలుసు? ఇరవై ఏళ్ళు అద్దెకున్నదాన్నండీ, గోడవతల మనిషుంటే నాకు తెలీదా?"

వంటింట్లోకి వెళ్ళొచ్చేలోపు గ్లాసు ఖాళీ అయింది. 

వడ్రంగి పరుగున పోతే ప్లీడరు అప్పుడు తెరిచాడు పాత దస్తావేజులు. నలభై ఏళ్ళ కింద ఈ ఇంటిని ఒక ముసలావిడ అమ్మింది. కొన్నది మొన్న వడ్రంగికి అమ్మినవాడి తండ్రి. బతికున్నంత కాలం వెనక గది ఆవిడదేనని ఆ కాగితంలో షరతు. అప్పటికే ఆవిడకు డెబ్భై ఎనిమిది. అమ్మినవాణ్ణి అడిగితే ఎప్పుడో పోయే ఉంటుందన్నాడు. ఎవరు చూశారంటే తనైతే చూళ్ళేదన్నాడు. మరణాల రిజిస్టరులో ఆవిడ పేరే లేదు.

పోయినట్టు కాగితం లేకపోతే ఉన్నట్టే లెక్కని ప్లీడరు తేల్చాడు. అయినా ఉపాయం లేకపోలేదన్నాడు. హక్కు వదులుకుంటున్నానని ఆవిడ వేలిముద్ర వేస్తే చాలట. కదల్లేని మనుషుల దగ్గరికి రిజిస్ట్రారు ఆఫీసువాళ్ళే ఇంటికొస్తారట, ఓ అర్జీ పెట్టుకుంటే సరిపోతుందట. వడ్రంగి పెట్టాడు. "సదరు వృద్ధురాలు మా ఇంటి వెనక గదిలో నివసిస్తున్నది" అని ప్లీడరు చెబుతుంటే తన చేత్తోనే రాసి సంతకం చేశాడు. ఎవరూ లేరని తేలితే పీడా పోతుందని అతని లెక్క.

రిజిస్ట్రారు ఆఫీసు గుమాస్తా మర్నాడు పదకొండింటికి ప్లీడరుతో పాటు వచ్చాడు. సన్నటి మనిషి, చేతిలో సిరా డబ్బా. తలుపు తట్టి "అమ్మా" అన్నాడు. లోపల గడియ జారిన చప్పుడైంది. అతను లోపలికి వెళ్ళాక తలుపు మళ్ళీ మూసుకుంది.

వడ్రంగి కిటికీ ఊచల్లోంచి చూశాడు. గుమాస్తా ఒక్కడే నేల మీద బాసింపట్టు వేసుకుని, గోడకు ఎదురుగా కాగితం చదువుతున్నాడు. మధ్యమధ్య ఆగి వింటున్నాడు. తల ఊపుతున్నాడు. పది నిమిషాలకు బయటికొచ్చాడు.

"చదివి వినిపించాను. ఒప్పుకోలేదు."

"ఎవరు?"

"హక్కుదారు." అదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. "ఆరు దాటాక రంపం ఆపాలట. వీధిలోంచి గదికొచ్చే దారికి చెక్కలు అడ్డం పెట్టారట, తీసెయ్యమన్నారు."

కాగితం మీద "నిరాకరించడమైనది" అన్న మాట కింద పచ్చి సిరాతో వేలిముద్ర ఉంది. వయసు దగ్గర నూట పద్దెనిమిది అని రాసి ఉంది. ప్లీడరు భూతద్దం పెట్టి పాత దస్తావేజు ముద్రతో పోల్చాడు. గీతకు గీత సరిపోయింది.

"లోపల ఏం చూశారు బాబూ?" వడ్రంగి అడిగాడు.

"నా పని ముద్ర తీసుకోవడం. వేలుంది, ముద్ర పడింది." గుమాస్తా డబ్బా మూత బిగించాడు. "చెయ్యి కాస్త చల్లగా ఉంది, అంతే."

ఆవిడ పోయిందని రాసిచ్చే దారి ఇక మూసుకుపోయింది. ఉందని రాసిచ్చింది వడ్రంగే. దానికి సాక్షి ప్రభుత్వమే. వడ్రంగి మళ్ళీ షెడ్డులో కూలికి వెళ్తున్నాడు. పొద్దున్నే భార్య గ్లాసు నింపుతుంటే అటు చూడడు. ప్లీడరు మరోసారి ఫీజు పుచ్చుకుని, దారిని కూడా ఆవిడ హక్కులో చేర్చి సవరణ పత్రం రాశాడు. అందులో గడువు దగ్గర "ఆమె జీవితాంతం" అని ఉంది. గది పదకొండడుగుల పొడవు, తొమ్మిదడుగుల వెడల్పు. దారి ఇరవై రెండడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. మొత్తం నూట అరవై అయిదు చదరపు అడుగులు.